పసుపు చాలలేదు

మాస్టారు పోయారని నాకు దుబాయ్‌లోని సత్వా పేటలో, కిరాణా కొట్టు బయట, ఉల్లిపాయల బస్తా పక్కన నిలబడి ఉండగా తెలిసింది. చెప్పింది రూతమ్మగారు. ఇక్కడి ఆసుపత్రిలో నర్సు, మాస్టారి ఊరి మనిషి. సెలవు మీద ఇంటికి వెళ్ళి అప్పుడే తిరిగొచ్చారు.

"మీ బొమ్మల మాస్టారు పోయారు బాబూ," అన్నారు. "నిద్రలోనే పోయారు. రండి, ఈ ఎండలో కాదు, కూర్చుని చెబుతాను."

ఎదురుగా ఉన్న కెఫెటీరియాలోకి నడిచాం. ఆ రోడ్డు దాటే కాసేపట్లోనే ఆయన గురించి నాకేం తెలుసో లెక్క వేసుకోవడం మొదలుపెట్టాను. ఏ విషయాన్నయినా వరసలో పెట్టుకుంటే తప్ప నా బుర్రకు ఎక్కదు. ఊరు తెలుసు. పుట్టిన సంవత్సరం తెలియదు. పిల్లలెందరో తెలియదు. ఎడమ బొటనవేలి గోరు మీద ఎప్పుడూ ఒక నల్లమచ్చ ఉండేదని తెలుసు. కలం మొన పదును అక్కడ ఆనించి చూసుకునేవారు. నా దగ్గర ఉన్నవన్నీ ఇలాంటివే.

మా కంపెనీ షార్జాలో, ఇసుకలో పక్కపక్కన లేపిన రెండు రేకుల షెడ్లు. ఒక దాంట్లో బేకింగ్ పౌడర్ కలిపి డబ్బాల్లో నింపేవాళ్ళం. రెండో దాంట్లో ఆ డబ్బాల రేకు మీద రంగుల బొమ్మ అచ్చువేసి, కోసి, డబ్బాగా మలిచేవాళ్ళు. కెమికల్ డిప్లొమా చేసి వచ్చిన నేను మొదటి షెడ్డు మనిషిని. సోడా, దాన్ని పొంగించే ఆమ్లపు పొడి, వండేదాకా ఆ రెండూ ఒకదాన్నొకటి ముట్టకుండా ఉంచే మొక్కజొన్న పిండి, ఈ మూడూ పాళ్ళ ప్రకారం పడ్డాయా, చెమ్మ తగిలిందా అని చూడడం నా పని. ప్రతి కలుపు నుంచీ చెంచాడు తీసి వేడినీళ్ళలో వేసి నురగ చూసేవాణ్ణి. ఆగస్టులో సముద్రం మీది తడిగాలి షెడ్డులోకి వస్తుంటే ఆ నురగ కోసం గుండె చిక్కబట్టుకుని నిలబడేవాణ్ణి.

మాస్టారు రెండో షెడ్డు. అక్కడి అచ్చుయంత్రం బొంబాయిలో మూతపడ్డ ఒక ప్రెస్సుది. దాన్ని కొన్నప్పుడు దాంతోపాటు ఆయన్నీ తెచ్చుకున్నారు. "నట్లూ, బోల్టులూ, నేనూ ఒకే పెట్టెలో వచ్చాం," అనేవారు.

ఫోటో తీసి రంగులు విడదీసే పద్ధతి అప్పటికే లోకమంతా వచ్చేసింది. మా దగ్గర ఆ కెమెరా లేదు, మాస్టారు ఉన్నారు. జింకు పలక మీద సన్నని కలంతో, నల్లటి జిడ్డు సిరాతో ఆయన చుక్కలు పెట్టేవారు. పసుపుకొక పలక, గులాబీకొక పలక, నీలానికొకటి, గోధుమరంగుకొకటి. పలక మీద అన్నీ నల్లచుక్కలే. ఏ చుక్క పక్కన ఏ చుక్క పడితే కంటికి ఏ రంగు అందుతుందో ఆయన తలలో మాత్రమే ఉండేది. అచ్చయిన రేకుని ముక్కు దగ్గర పెట్టుకుంటే చుక్కలు తప్ప ఏమీ ఉండవు. చేయి చాచి పట్టుకుంటే పొయ్యిలోంచి అప్పుడే తీసిన కేకు.

ఆయన దాన్ని కేకు అనేవారు కాదు, రొట్టె అనేవారు. తినేవారు కూడా కాదు. సెలవురోజు శుక్రవారం ఎవరైనా ముక్క ఇస్తే భూతద్దం తీసి, కోసిన వైపు పరీక్షగా చూసి, "లోపలి కంతలు సమంగా లేవు," అని తిరిగి ఇచ్చేసేవారు. బేకింగ్ పౌడర్ తింటే జుట్టు నెరుస్తుందని ఆయన గట్టి నమ్మకం. కాదని నేను ఎన్ని సమీకరణాలు రాసి చూపించినా, "నీ తల చూసుకో డిప్లొమా, చెవుల దగ్గర మొదలైంది," అనేవారు. నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు.

రంగులకి ఆయన సొంత పేర్లుండేవి. పసిపిల్ల గోరు రంగు. ఎండిన మామిడితాండ్ర. పాలమీగడ అంచు. ముదీర్ మీద, అంటే మా మేనేజరు మీద, కోపం వస్తే హాజరు పట్టీలో సంతకం కుడి నుంచి ఎడమకి, అద్దంలో చూస్తే తప్ప చదవలేనట్టు పెట్టేవారు. చిన్నప్పుడు మద్రాసులో ఒక లితో ప్రెస్సులో, జర్మనీ నుంచి ఓడలో వచ్చిన సున్నపురాయి మీద నేర్చుకున్న విద్య అది. రాయి మీద ఏదైనా తారుమారుగా గీస్తేనే కాగితం మీద సరిగా పడుతుంది.

ఆయన బల్ల మీది గాజుపలక కింద ఒక పాత కార్డు ఉండేది. అరచేతిలో పట్టేంత కార్డు, అంచులు అరిగిపోయాయి. రొట్టె పళ్ళెం పట్టుకున్న ఒక తెల్లపిల్ల, కింద ఏదో అమెరికా బేకింగ్ పౌడర్ కంపెనీ పేరు. పందొమ్మిదో శతాబ్దపు సరుకు. దాని కథ ఆయన నాకు చాలాసార్లు చెప్పారు, ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టు.

"ఈ పొడి కొత్తగా వచ్చినప్పుడు అదేంటో ఆడాళ్ళకి తెలీదు. ద్రాక్షసారాయి పీపాల్లో అడుగున పేరుకున్న ఉప్పుతో చేసేవాడొకడు. పటికతో చవగ్గా చేసేవాడింకొకడు. నీది విషమంటే నీది విషమని పేపర్లకెక్కి తిట్టుకున్నారు. డబ్బా మూత తీస్తే రెండూ తెల్లగానే ఉంటాయి కదా! ఇల్లాలికి తేడా ఎట్లా తెలుస్తుంది? అప్పుడు మా వాళ్ళు కావాల్సొచ్చారు. రాతి మీద రంగుల అచ్చు అప్పుడే చవకైంది. కొట్టువాడు పొడితోపాటు ఇట్లాంటి కార్డు ఊరికే ఇచ్చేవాడు. పిల్లలు దాచుకునేవాళ్ళు. పిల్లల కోసం తల్లులు అదే డబ్బా కొనేవాళ్ళు. పొడి పొడే నాయనా. యుద్ధం చేసింది బొమ్మ."

తర్వాత భూతద్దం నా చేతికిచ్చి ఆ పిల్ల చెంప చూడమనేవారు. చెంపంతా గులాబీ చుక్కలు, కంటి వైపు పోయేకొద్దీ పలచబడుతూ.

"ఈ చెంప పెట్టినవాడెవడు?"

"ఎవరండీ?"

"ఎవడో! కంపెనీ పేరు ఇంత లావున ఉంది. వాడి పేరు ఎక్కడుంది? కళ్ళు పోగొట్టుకుని పెట్టుంటాడు." భూతద్దం నా చేతిలోంచి తీసుకుని, "బాగా పెట్టాడు," అనేవారు.

ఆయన పలకల్ని యంత్రం మీద నడిపేది కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మల్లయ్య. ఇద్దరికీ ఒక్క విషయంలోనూ పడేది కాదు. యంత్రం చప్పుడు ఆగితే చాలు, వీళ్ళ చప్పుడు వినబడేది.

"మాస్టరూ, నీలం జర ఎక్కువైంది."

"నీకు నీలం తెలుసా? మీ ఊళ్ళో ఆకాశం తప్ప ఇంకో నీలం చూశావా?"

"ఆకాశం సాల్దా?"

"చాలదు. యంత్రం తుడుచుకో ఫో."

"తుడుస్త గని, నీలమైతే ఎక్కువైంది."

మాస్టారు ఎడమ అంటే మల్లయ్య కుడి అనేవాడు. టీలో చక్కెర తక్కువైందని ఆయన ముఖం చిట్లిస్తే అదే గ్లాసు తాగి తీపి ఎక్కువైందనేవాడు. కానీ ఆయనకి జ్వరమొస్తే మేమంతా ఉండే క్యాంపులో గంజి కాచింది అతనే.

మాస్టారి బెంగ అంతా పసుపు మీదే. మొదట అచ్చుపడే రంగు అది. పైన పడే రంగులన్నిటికీ అదే ప్రాణమనేవారు. నమూనా రేకు పట్టుకుని షెడ్డు గుమ్మంలోకి వచ్చి, ఎండలో అటూ ఇటూ తిప్పి, "పసుపు చాలలేదు," అని మళ్ళీ పలక ముందు కూర్చునేవారు. తెల్లటి రేకు మీద ఒట్టి పసుపు ఎవరికీ సరిగా ఆనదు. అందుకని అచ్చువాళ్ళు కంటికి నీలం గాజుముక్క అడ్డం పెట్టుకుంటారు. దాంట్లోంచి చూస్తే పసుపుచుక్క నల్లగా తేలుతుంది. మా షెడ్డులోనూ ఒకటి మేకుకి వేలాడుతుండేది. మాస్టారు దాన్ని ముట్టుకునేవారు కాదు. "గుడ్డివాడి చేతికర్ర అది," అనేవారు.

నేను వచ్చిన మొదటి ఏడాది ఆ మాట ఎప్పుడో గాని వినబడేది కాదు. తర్వాత తర్వాత ప్రతి పనికీ వినబడసాగింది. పసుపు చాలలేదు. పసుపు చాలలేదు.

ఒక శుక్రవారం చర్చి నుంచి వస్తూ రూతమ్మగారు మా క్యాంపు దగ్గర ఆగారు, ఊరెళ్ళే ఎవరితోనో మందులు పంపడానికి. మాస్టారితో మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి, "ఇలా వెలుతుర్లోకి తిరగండి," అన్నారు.

"పెళ్ళిచూపులా అమ్మా?"

"శుక్లం ముదిరిపోయిందండీ. రెండు కళ్ళల్లోనూ. తెల్లనివి మసగ్గా, పసుపు రాసినట్టు కనపడట్లేదా మీకు?"

"అన్నీ బాగానే కనపడుతున్నాయి. నువ్వు కాస్త లావెక్కినట్టు కూడా కనపడుతున్నావు."

ఆమె నవ్వలేదు. ఆపరేషన్ చేసి లోపలి పొర తీసేస్తారు, లావు కళ్ళద్దాలు పెట్టుకోవాలి, అంతే, భయం లేదన్నారు.

"లావు కళ్ళద్దాలవాడికి బొమ్మ గీసే పని ఎవడిస్తాడమ్మా?" అన్నారు మాస్టారు. ఆ మాటలో వెటకారం లేదు.

బస్సు దాకా తోడు వెళ్ళినప్పుడు ఆమె నాతో విడిగా చెప్పారు. ఆయన కంటికి తెలుపూ లేతపసుపూ ఒకటే. నీలం మట్టిపట్టినట్టు ఉంటుంది. ఉన్న రంగు లేనట్టే తోస్తుంది. ఇది నేను మాస్టారికి మర్నాడే చెప్పాను, ఏ రంగు ఎందుకు ఎలా కనపడుతుందో వరస పెట్టి మరీ. ఆయన ఓపిగ్గా విని, "నీ నురగ నువ్వు చూసుకో డిప్లొమా," అన్నారు.

ఆ చలికాలంలోనే ముదీర్ కొత్త లేబుల్ అడిగాడు. ఆయన బొంబాయిలో పెరిగిన మనిషి, మాతో హిందీలోనే మాట్లాడేవాడు, చెడ్డవాడు కాడు. పాత డబ్బా మీద రొట్టె చిన్నది, ఈసారి డబ్బా చుట్టూ రావాలి, ముక్క కోసినట్టు, పైన తెల్లటి క్రీముతో. ఇక ఫోటో తీసి రంగులు విడదీసే ఫిల్ములు బయటి దేశంలో చేయించుకుందామని కంపెనీలో అనుకుంటున్నారు. "ఈ ఒక్కటి మీరు చెయ్యండి మాస్టర్‌జీ. బాగా వస్తే వీసా ఇంకోసారి కొట్టిస్తాను. లేకపోతే ఖలాస్, నా చేతుల్లో ఉండదు."

మాస్టారు సంతోషంగా బయటికి వచ్చారు. ఊళ్ళో ఎవరున్నారని నేను ఎప్పుడు అడిగినా ఆయన ప్రెస్సుల గురించే చెప్పేవారు. మద్రాసులో రాళ్ళు పగలగొట్టి మెట్లకు వాడేశారు, బెజవాడలో కెమెరాలు కొన్నారు, బొంబాయి ప్రెస్సు ఇదిగో ఇక్కడుంది. "చుక్క పెట్టే మనిషి ఈ షెడ్డు దాటితే ఎక్కడా అక్కర్లేదు నాయనా. ఇంటికి పోతే నాకు అన్నం పెడతారు. దాంతో నేనేం చేసుకోను?" ఆయనకి వీసా అంటే అదే. ఇంకొన్నాళ్ళు కలం పట్టడం.

వారాల తరబడి ఆ పలకల మీద వంగి కూర్చున్నారు. ఎడమ పక్కన ఎవరినీ నిలబడనిచ్చేవారు కాదు, వెలుతురు అటునుంచే రావాలి. నిజంగా అద్భుతమైన పని. కోసిన ముక్కలో కంతలు కూడా సమంగా, ఒక్కోదానికీ లోపల చిన్న నీడ. గోధుమా, గులాబీ ఎక్కడా వేలు పెట్టడానికి లేదు. పసుపు దగ్గరికి వచ్చేసరికి నమూనా గుమ్మంలో పట్టుకుని, చాలలేదన్నారు. చుక్కలు కలిపారు. మళ్ళీ చాలలేదు. మళ్ళీ కలిపారు. తెల్లక్రీము మీద నీడ కోసం పెట్టిన నీలం కూడా కనపడలేదని పెంచారు. పసుపు మీద నీలం ఎక్కితే ఏమవుతుందో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"పసుపు మస్తయింది మాస్టరూ," అన్నాడు మల్లయ్య.

"మూసుకో."

మల్లయ్య మామూలుగా ఇంకో మాట అనాలి. ఆ రోజు అనలేదు. నావైపు చూశాడు.

అసలు అచ్చు మొదలయ్యే రోజు నేను వాళ్ళ షెడ్డుకి వెళ్ళేసరికి మల్లయ్య పసుపు సిరాలో రంగులేని ముద్ద కలిపి పలచన చేస్తున్నాడు. నీలంలో కూడా. మిగతా కూలీలంతా మాస్టారు ఇటు రాకుండా టీ దగ్గర మాటల్లో పెట్టారు. ఎవరూ ఎవరితో అనుకున్న పని కాదు. "నువ్వేం జూడలే సారూ," అన్నాడు మల్లయ్య. "పలక మీద ఎన్ని చుక్కలైన పెట్టనీ. సిరా మన చేతుల ఉన్నది."

రేకులు రంగు ఆరబెట్టే పొయ్యిలోంచి, వార్నిష్‌లోంచి బయటికి వచ్చాయి. బంగారు రొట్టె, వెన్నలాంటి క్రీము. ముదీర్ ఒక రేకు పట్టుకుని పెద్దగా నవ్వాడు. వీసాకి ఫోటోలు తెచ్చివ్వమని మాస్టారికి కబురు పంపాడు.

మాస్టారు కూడా ఒక రేకు తీసుకుని గుమ్మంలోకి వెళ్ళారు. వెనక్కి వచ్చి దాన్ని మల్లయ్య ముందు పడేశారు.

"నా పసుపేదిరా?"

"గట్లనే వచ్చింది మాస్టరూ."

"నేను పెట్టిన పసుపు తెలీదా నాకు? శవంలా ఉంది రొట్టె. సిరాలో ఏం కలిపార్రా దొంగల్లారా?"

ఆయన ఆఫీసు వైపు నడిచారు. నేను అడ్డం వెళ్ళాను. "వద్దండీ మాస్టారూ. ముదీర్‌కి నచ్చింది. ఫోటోలు అడిగారు కదా. వదిలెయ్యండి."

"నచ్చింది వాడికి. కానీ ఇది నా పని కాదు. నా పనికి వీసా ఇమ్మను, తీసుకుంటాను." నన్ను పక్కకి నెట్టి వెళ్ళిపోయారు.

ముదీర్ అందరినీ పిలిచాడు. మల్లయ్య తలొంచుకుని ఒప్పుకున్నాడు. ఎందుకు కలిపావంటే మాత్రం ఎంత అడిగినా చెప్పలేదు. చివరికి ముదీర్, మాస్టర్‌జీ పలకకి మాస్టర్‌జీ సిరాయే పెట్టి, ఏమీ కలపకుండా కొన్ని రేకులు తియ్యమన్నాడు. ఒక్కో రంగూ పడి, పొయ్యిలో ఆరి, చివరి వార్నిష్ అయ్యేదాకా మాస్టారు యంత్రం పక్కనుంచి కదల్లేదు.

మొదటి రేకు ఆయనే తీశారు. చేయి చాచి పట్టుకుని చూశారు. ముఖం విప్పారింది. మా అందరివైపూ తిప్పి చూపించారు.

"ఇదీ రొట్టె!"

బూజు పట్టిన రొట్టె అది. క్రీము మీద నాచు రంగు.

"మాస్టర్‌జీ," అన్నాడు ముదీర్ మెల్లగా, "యే తో హరా హై." ఇది ఆకుపచ్చగా ఉంది కదా అని.

మాస్టారు నవ్వారు. ముదీర్ వేళాకోళమాడుతున్నాడనుకున్నారు. మల్లయ్యవైపు తిరిగారు. "నువ్వు చెప్పరా. నీకంటూ ఏదో ఒక వంక దొరుకుతుందిగా. చెప్పు, ఎట్లా ఉంది?"

మల్లయ్య నేలచూపులు చూస్తూ అన్నాడు. "మంచిగున్నది మాస్టరూ. నువ్వే కరెక్టు."

ఆయన నవ్వు ఆగిపోయింది. అన్నేళ్ళలో మల్లయ్య ఆయన మాటకి ఒప్పుకోవడం అదే మొదలు. ముదీర్ మాట నమ్మలేదు గాని, ఆ ఒప్పుకోలు నమ్మారు. రేకుని ఇంకోసారి చూశారు. తర్వాత నావైపు చూడకుండానే చేయి చాపారు.

"ఆ నీలం గాజుముక్క ఇలా ఇవ్వవయ్యా."

మేకు మీంచి తీసి ఇచ్చాను. కంటికి అడ్డం పెట్టుకుని రేకు మీదికి వంగారు. దాంట్లోంచి పసుపంతా నల్లగా, తారు పోసినట్టు కనిపించి ఉంటుంది. ఒక్కో మూలా వరసగా చూశారు, తొందర లేకుండా, ఎవరో కొత్తవాడు చేసిన పని సరిదిద్దుతున్నట్టు. గాజుముక్కని తుడిచి నాకు తిరిగి ఇచ్చారు.

"మీరు దొంగలు కార్రా," అన్నారు మల్లయ్యతో.

వైద్యం చేయించుకుని మళ్ళీ రమ్మన్నాడు ముదీర్. అన్నవాడికీ, విన్నవాడికీ, పక్కన నిలబడ్డ మాకూ అది జరగదని తెలుసు. ఫిల్ములు బయటి నుంచి వచ్చాయి. ఫోటో రొట్టె అందంగానే ఉంది. పొడి ఎప్పటిలాగే అమ్ముడుపోయింది. నా నురగ ఎప్పటిలాగే పొంగింది. మల్లయ్య యంత్రం దగ్గర గొంతెత్తడం మానేశాడు. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు అతను సాధువనుకునేవారు.

విమానాశ్రయానికి బయల్దేరే ముందు మాస్టారు నన్ను ఒక్కటే అడిగారు. ఆ ఆకుపచ్చ రేకుల్లో ఒకటి కావాలన్నారు. తుక్కులో వేసినవాటిలోంచి వెతికి, చుట్టి ఇచ్చాను.

"ఎందుకండీ ఇది?"

"కన్ను బాగు చేయించుకుని చూస్తాను. చూడకుండా ఎట్లా పోను?"

కెఫెటీరియాలో టీ వచ్చాక రూతమ్మగారు చెప్పింది ఇది. ఆపరేషన్ చేయించుకున్నారు. చూపు బాగా వచ్చింది. లావు కళ్ళద్దాలతో సూదిలో దారం ఎక్కించి కోడలికి ఇచ్చారట. నేను రేకు గురించి అడిగాను.

"ఆ రేకా? ఆ సంగతి చెబుతూ కోడలు ఏడ్చింది. కళ్ళద్దాలు వచ్చిన రోజే వాకిట్లో పీట వేసుకుని, ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశారంట. తర్వాత ఇసక పోసి, నీళ్ళు చల్లి, రాయి పెట్టి రుద్దడం మొదలెట్టారంట. గుండ్రంగా, గుండ్రంగా. భోజనానికి పిలిచినా లేవలేదంట. చేతులు పుళ్ళు పడ్డాయి బాబూ."

రాతి ప్రెస్సుల్లో అచ్చు అయిపోయిన రాయిని అలాగే చేస్తారు. ఇసుక, నీళ్ళు, పైన ఇంకో రాయి, గుండ్రంగా తిప్పడం. పాత బొమ్మ ఆనవాలు లేకుండా పోయి రాయి నున్నబడితే, దాని మీద తర్వాతి బొమ్మ మొదలుపెడతారు.

"బొమ్మ పూర్తిగా పోయిందా?"

"పోయింది. నేను వెళ్ళినప్పుడు చూశాను, వంటింటి కిటికీకి అడ్డం కొట్టారు. తళతళలాడుతోంది."

"తర్వాత దాని మీద ఏమైనా గీశారా?"

"ఏం గీస్తారు బాబూ?" అన్నారు రూతమ్మగారు. "గీయమన్నవాళ్ళెవరున్నారు?"